గట్టు ఎత్తు

"వారం తర్వాత వస్తాను సార్," అంటూ మేస్త్రీ స్కూటరు స్టార్ట్ చేశాడు.

ఇంటాయన గబగబా వెళ్ళి స్కూటరుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి అలా నిలబడితే దాటి వెళ్ళడం కష్టమే.

"వారం అంటే కుదరదయ్యా. ఇవాళే రావాలి."

"అవతల ఒప్పుకున్న పని సగంలో ఉంది. ఇన్నేళ్ళు ఆగినవారు ఇంకో వారం ఆగలేరా? మీ వంటగట్టు ఎక్కడికి పోతుంది సార్?"

"గట్టు ఎక్కడికీ పోదు. మా ఆవిడే పోతుంది."

అనేశాక ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని ఆయనే అదిరిపడ్డాడు.

"మందులు ఇక పనిచేయవన్నాడు డాక్టరు. ఇంటికి తీసుకెళ్ళి, ఏది అడిగితే అది చేసిపెట్టమన్నాడు. ఏం కావాలే అంటే, గట్టు కట్టించమంది."

మేస్త్రీ స్కూటరు ఆపేశాడు.

అడగదా మరి! ఆవిడ పొట్టి మనిషి. ఆ ఇంటి గట్టేమో ఎత్తు. కాపురానికొచ్చిన నాటి నుంచీ చెక్కపీట ఎక్కి నిలబడే వండింది. ఎన్నిసార్లు ఎక్కి దిగిందో ఆ మోకాళ్ళకే తెలియాలి. "కాస్త తగ్గించి కట్టించండీ" అన్నప్పుడల్లా ఆయన "వచ్చే నెల చూద్దాం" అనేవాడు. ఆ నెల మాత్రం రాలేదు. అలాగని చెడ్డవాడు కాడు, వట్టి బద్ధకస్తుడు. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళకి ఆ రెండింటికీ పెద్ద తేడా ఏమీ తెలియదు.

ఆ పూటే పాత గట్టు పగలగొట్టడం మొదలైంది. ఆవిడ ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని, వంటగది గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"లోపలికెళ్ళి పడుకోవే. ఈ దుమ్ము నీకు మంచిది కాదు."

"ఇప్పుడు ఏది మంచిదైతే ఏంటిలెండి. నన్ను చూడనివ్వండి."

ఆయన దిండొకటి తెచ్చి ఆవిడ నడుం వెనక పెట్టాడు.

మర్నాడు వ్యాన్‌లోంచి దించుతుంటే, గట్టు మీద పరచాల్సిన గ్రానైట్ బండ చేతులు జారి రెండు ముక్కలైంది. ఆయన గేటు దగ్గరే చతికిలబడ్డాడు. ఇన్నేళ్ళూ తను వాయిదాలు వేశాడు. ఇప్పుడు బండా, ఇటుకా, సిమెంటూ అన్నీ ఒక్కటై తనకి వాయిదాలు వేస్తున్నాయనిపించింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూర్చుంటే ఈ పూట కూడా పోతుందని లేచాడు.

"సార్, గట్టు ఎంత ఎత్తు కట్టమంటారో చెప్పి వెళ్ళండి," అని అడిగాడు మేస్త్రీ.

"నన్నడుగుతావేంటయ్యా? వండేది ఆవిడ. ఆవిణ్ణే అడుగు!" అని విసుక్కుని, వ్యాన్ ఎక్కేశాడు.

రాళ్ళ షాపులో ఆ రంగు బండ అయిపోయిందన్నారు. "ఏ రంగైనా ఇవ్వండి" అన్నాడు. కోసేవాడు భోజనానికి వెళ్ళాడన్నారు. వాడు తిరిగొచ్చేదాకా ఎండలో నిలబడ్డాడు. బండని వ్యాన్‌లో ఇంటికి పంపించి, తను సింకు కోసం వీధులన్నీ తిరిగాడు. ఒకచోట సింకు ఉంటే దానికి సరిపడే పైపు లేదు. తల ప్రాణం తోకకి వచ్చింది.

మధ్యలో ఇంటికి ఫోన్ చేశాడు. ఆవిడ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఈసారి మేస్త్రీ ఎత్తాడు.

"అమ్మగారు బాగానే ఉన్నారు సార్," అన్నాడు మేస్త్రీ. "నా చేత పని చేయిస్తున్నారు."

పొద్దుగూకే వేళకి సింకు భుజాన వేసుకుని వచ్చేసరికి గట్టు తయారైపోయింది. కొత్త బండ నిగనిగలాడుతోంది. తన ఎత్తు నుంచి చూస్తే ఆయనకి అంతా చక్కగానే కనిపించింది. మూలన పడున్న చెక్కపీటని తీసి, పెరట్లోకి విసిరికొట్టాడు.

"దీని పీడ వదిలింది! రావే, ఒక్కసారి నేల మీద నిలబడు. నేను చూడాలి."

ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కుర్చీలోంచి లేపాడు. మనిషిలో బరువే లేదు. నెమ్మదిగా నడిపించుకొచ్చి గట్టు ముందు నిలబెట్టాడు.

గట్టు ఆవిడ ఛాతీ దాకా వచ్చింది.

పాత గట్టే నయం. దానికి పీట వేసుకుంటే సరిపోయేది. దీనికి నిచ్చెన కావాలి. ఆవిడ చివరిగా కోరిన ఒక్క కోరిక, అదీ తగలబడిపోయింది. మళ్ళీ పగలగొట్టడానికి, మళ్ళీ కట్టడానికి ఆవిడకి టైము ఎక్కడుంది?

"ఏం కట్టావురా ఇది!" అని మేస్త్రీ మీద ఒంటికాలిమీద లేచాడు. "నీకు కళ్ళు లేవా? మనిషి ఎదురుగా కూర్చుంటే ఆవిడ ఎత్తెంతో కనిపించలేదా? ఇవాళ నిన్ను..."

మేస్త్రీ కడుక్కున్న చేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయి తల దించుకున్నాడు.

"నాకు తెలుసు సార్. వద్దని రెండుసార్లు చెప్పాను. అమ్మగారు వినలేదు. దగ్గరుండి గోడ మీద గీత గీసి మరీ కట్టించుకున్నారు."

ఆయన భార్య వైపు తిరిగాడు. "నీకేమైనా మతి పోయిందా? నీ ఎత్తెంతో నీకు తెలియదా?"

ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని లాగి, తను తప్పుకుని, ఆయన్ని గట్టు ముందు నిలబెట్టింది. ఆయన అరచేతులు రెండూ బండ మీద పెట్టించింది. వెనక్కి జరిగి, నడుం వంగుతోందా లేదా అని పరీక్షగా చూసింది.

"సరిపోయింది," అంది తృప్తిగా. "ఇక వండుకోవాల్సింది మీరే కదండీ."