వంతెన మూయించండి

"వంతెన మూసేస్తే మీకూ ఇబ్బందే కదమ్మా?" అన్నాడు గుమాస్తా, అర్జీ తిరగేస్తూ.

"ఇబ్బందే సార్. పెద్దరోడ్డు మీదుగా చుట్టూ తిరిగి రావాలి. దూరమైనా అక్కడ దీపాలుంటాయి" అంది ఆయా. రాత్రి డ్యూటీ దిగి, ఆసుపత్రివాళ్ళిచ్చిన ఆకుపచ్చ కోటు విప్పకుండానే ఈ ఆఫీసుకి వచ్చిపడింది. పొద్దున్నుంచి మూడు బల్లల చుట్టూ తిప్పారు. కాళ్ళు పీకేస్తున్నాయి. చేతికర్ర బల్లకి ఆనించి, అడక్కుండానే కుర్చీలో కూలబడింది.

"ఆ కర్రేంటి?"

"మా అమ్మాయి బట్టల ఫ్యాక్టరీ నుంచి పొద్దుగూకేవేళకి వస్తుంది సార్. అది మురుక్కాలవ దాటేదాకా నా ప్రాణం ప్రాణంలో ఉండదు. రోజూ డ్యూటీకి బయల్దేరేముందు వంతెన దగ్గరికి వెళ్ళి నిలబడతాను. కాలవ అవతలి గుడిసెలవాళ్ళ సంగతి మీకు తెలీనిదేముంది?"

గుమాస్తా తలూపి, బీరువాలోంచి ఇంకో కాగితం తీశాడు.

"మీకా బెంగ అక్కర్లేదు. ఇలాంటి అర్జీయే పోయిన వారం ఒకటొచ్చింది. ఆఫీసరుగారి సంతకం కూడా అయిపోయింది. సోమవారం మూసేస్తారు."

ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఇది కచ్చితంగా ఎదురింటావిడ పనే. సంతకం పెట్టమని మూడుసార్లు అడిగితే నీళ్ళు నమిలి, వెనకాల తనే పేరు కొట్టేసింది. పోనీలే, ఎవరి చేత్తో అయితేనేం, పిల్ల క్షేమంగా ఇల్లు చేరితే అంతే చాలు.

"ఏం రాశారు సార్ అందులో?"

"అన్నీ మీరు రాసినవే. తీగమీద ఆరేసిన బట్టలు పోతున్నాయట. గుమ్మం ముందు పెట్టిన సైకిల్ మాయమైందట. ఆడపిల్లలు ట్యూషన్ మానేశారట."

"అక్షరాలా నిజం సార్. ఎవరో మనసుపెట్టి రాశారు."

"వంతెన దగ్గర కాపు కాసే ఒక మనిషిని చూస్తే పిల్లలు హడలిపోతున్నారని కూడా ఉంది."

"ఉండకేం సార్? నేను రోజూ అక్కడే ఉంటానా, నా కంట మాత్రం పడలేదు. మా అమ్మాయికి చెప్పి ఉంచుతాను. ఎలా ఉంటాడో రాశారా?"

గుమాస్తా కళ్ళజోడు సవరించుకుని, తలెత్తకుండా చదివాడు.

"కాలవ అవతలి గట్టున, ఆకుపచ్చ కోటు వేసుకుని, కర్ర పట్టుకుని నిలబడే ఆడమనిషి."