పిశాచాల నిపుణుడు

“విమర్శకుడుగారి హత్య గురించి వచ్చానండీ” అన్నాడు వచ్చినతను, చెప్పులు గుమ్మం పక్కన విడుస్తూ.

రచయిత ముఖంలోకి విచారం రావడానికి కాస్త టైము పట్టింది. ముందు ఇంకేదో వచ్చింది. దాన్ని కాఫీ కప్పుతో కప్పుకున్నాడు.

“అయ్యో పాపం. ఎంత మంచివాడు.”

విమర్శకుణ్ణి మంచివాడనడం ఆయనకి ఇదే మొదటిసారి. రచయిత రక్తపిశాచాల మీద పందొమ్మిది నవలలు రాశాడు. నగరంలో వరస హత్యలు, మెడల మీద కోరల గాట్లు, వెనకాల పరుగెత్తే పోలీసులు. ఆ పందొమ్మిదింటినీ విమర్శకుడు తన వారపత్రిక శీర్షికలో ఉతికి ఆరేశాడు. చివరిసారైతే ‘ఈ పిశాచాలకి కావలసింది రక్తం కాదు, మంచి ఎడిటరు’ అని రాశాడు. అది చదివి పబ్లిషరు ఇరవయ్యో నవలని అచ్చు మధ్యలో ఆపేశాడు. రచయితకి ఆ నవల తప్ప వేరే లోకం లేదు. నెల రోజులుగా తిండి సయించడం లేదు.

వచ్చినతను డిటెక్టివు శాఖ అన్నాడు. మఫ్టీలో ఉన్నాడు కాబట్టి నమ్మక తప్పదు.

“మెడ మీద రెండు గాట్లు. ఒంట్లో చుక్క రక్తం ఉండదు. మావాళ్ళ బుర్రలు ఇలాంటివాటికి పనికిరావు. మీకిది వెన్నతో పెట్టిన విద్య కదా, మీరే దారి చూపించాలి. కేసు తేలితే మీ పేరూ ఫొటో ప్రతి పేపర్లోనూ వస్తాయి.”

రచయిత వీపు నిటారైంది. ఫొటో వస్తే పబ్లిషరు పరిగెత్తుకుంటూ వస్తాడు. నవల అచ్చవుతుంది.

ఆఫీసుకి బయల్దేరుతున్న భార్య గుమ్మంలో ఆగింది.

“పొద్దున పేపర్లో లేదే అన్నయ్యగారూ?”

“ఇంకా ఎవరికీ తెలీదమ్మా. రెండ్రోజులు బయటికి పొక్కనివ్వకండి.”

“పోయిపోయి ఈయన్ని అడుగుతున్నారా సలహా? బల్లి కనబడితే మంచం ఎక్కుతారు. ఉల్లిపాయ తరుగుతూ వేలు తెగితే, నేను కట్టు తెచ్చేలోపు కళ్ళు తిరిగి పడిపోయారు.”

“నీకు టైమవుతోంది, వెళ్ళు” అన్నాడు రచయిత.

“వెళ్తున్నా. మొన్న వాడి రక్తం తాగుతానని వీధి వీధంతా వినబడేలా అరిచారుగా. ఇప్పటికైనా చల్లబడ్డారా?”

మఫ్టీ మనిషి తలెత్తాడు. “వీధంతానా అమ్మా?”

“పై వాటావాళ్ళు కిందికొచ్చి మరీ అడిగారు” అని ఆవిడ వెళ్ళిపోయింది.

రచయిత కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

“గాట్ల మధ్య ఎడం ఎంత?”

“మీరే చెప్పాలి సార్.”

“అంగుళమున్నర ఉండాలి. నా పిశాచాలన్నిటికీ అంతే. కిటికీ?”

“తెరిచి ఉండాలా, మూసి ఉండాలా?”

“తెరిచి. తలుపుకి మాత్రం లోపల గడియ. లేకపోతే అది మామూలు దొంగతనం కింద పోతుంది.”

శవం ఎలా ఉందో రచయిత అడగలేదు. ఎలా ఉంటే బాగుంటుందో చెప్పుకుపోయాడు. ఇంకొకరి కథలో తప్పులు దిద్దమంటే ఏ రచయితకీ ఒళ్ళు తెలియదు.

“పత్రికాఫీసులో ఆయన కింద అసిస్టెంటు ఒకడున్నాడు సార్. పదిహేనేళ్ళుగా ఆ శీర్షికకి ప్రూఫులు దిద్దుతున్నాడు. ఆయన పోతే అది ఇతనికే వస్తుంది. అనుమానించాలంటారా?”

“ప్రూఫులు దిద్దేవాడా? వాడి మొహం. అలాంటివాడు హంతకుడంటే పాఠకుడు పుస్తకం విసిరికొడతాడు. వాణ్ణి కథలోంచే తీసెయ్యండి.”

మఫ్టీ మనిషి కొంచెం నొచ్చుకున్నట్టు కనబడ్డాడు. “తీసేశాను సార్” అన్నాడు వినయంగా.

పది నిమిషాలకి రచయిత అతని నోటుపుస్తకం లాక్కుని చూశాడు.

“ఈ రాతేమిటయ్యా, కోడి కెలికినట్టు. ఉండు, నేనే రాసిస్తాను.”

తన పేరు అచ్చేసిన కాగితాలు తీశాడు. ఆయన నవలల్లో కథ చెప్పేది పిశాచమే. ‘నేను’ అని మొదలుపెడితే తప్ప ఆయన కలం కదలదు.

‘నేను కిటికీలోంచి లోపలికి దిగాను. పందొమ్మిది అవమానాలకి ఒక్కటే దాహం. వాడు బల్ల ముందు కూర్చుని నా మీదే ఏదో రాస్తున్నాడు...’

నాలుగు పేజీలు ఏకబిగిన వచ్చాయి. పేరు పేరునా ఒక్కో నవలకీ జరిగిన అన్యాయం, చివరికి వాడి మెడ. రాసింది చదువుకుంటే రచయితకే కళ్ళు చెమర్చాయి. నెల రోజుల తర్వాత ఆయనకి ఆకలేసింది.

“అద్భుతం సార్. మా ఆవిడ మీ అభిమాని. ప్రతి పేజీ కిందా ఓ సంతకం పడేస్తే దాచుకుంటాం.”

ఆటోగ్రాఫు అడిగితే కాదన్న రచయిత ఇంకా పుట్టలేదు. నాలుగు పేజీల మీదా వంకర్లు తిప్పి మరీ సంతకాలు పెట్టాడు.

“తేదీ వెయ్యనా?”

“అది నేను వేసుకుంటాను సార్. రేపంతా ఇల్లు కదలకండి. ఫోను కూడా ఆపేసి ఉంచండి, విలేకరులు మీద పడిపోతారు. పొద్దుపోయాక నేనే వస్తాను.”

కాగితాలు జాగ్రత్తగా మడిచి పెట్టుకుని అతను వెళ్ళాడు. రచయిత అప్పుడే స్టూడియోకి పోయి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, దూరంగా ఎటో చూస్తూ ఫొటో దిగి వచ్చాడు. మర్నాడు భార్య ఆఫీసుకి వెళ్ళగానే తలుపులేసుకుని, చెప్పినట్టే ఒక్కడూ ఇంట్లో కూర్చున్నాడు.

విమర్శకుడు హత్యకి గురైంది ఆ సాయంత్రం.