నా చీర నాకియ్యి

"ముందు నా చీర విప్పియ్యి. బిడ్డ సంగతి తర్వాత" అంది రాఘవమ్మ, వాకిట్లో పదిమంది చూస్తుండగానే.

తోడికోడలు శ్రీశైలమ్మ ఉలిక్కిపడింది. అప్పటిదాకా మాటకు మాట విసురుతున్న మనిషి, ఒంటిమీది చీర కొంగును గుప్పిట్లో బిగించి పట్టుకుంది. నీలం రంగు వెలిసిపోయి అంచు చిరిగిన చీర అది. ఉతికి ఎన్నాళ్ళయిందో, దగ్గరికొస్తే పులిసిన పాల వాసన.

రాఘవమ్మకు ఒళ్ళు మండిపోతోంది. మండదా మరి! కొత్త రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది, అక్కడైతే పెద్ద డాక్టర్లుంటారని, కడుపులో గడ్డ కోయించడానికి ఆమెను అక్కడికి పంపారు. పాలు తాగే పసివాణ్ణి పెద్దకోడలు శ్రీశైలమ్మ చేతుల్లో పెట్టి పోయింది. కోసిన పుండు మానక ఏడాది అక్కడే గడిచింది. నిన్న గిద్దలూరులో రైలు దిగి, కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరితే, కన్నకొడుకు ఆమెను చూసి గుక్కపట్టి ఏడ్చాడు. తప్పటడుగులతో పరుగెత్తి శ్రీశైలమ్మ కుచ్చెళ్ళలో ముఖం దాచుకున్నాడు. ఆ కుచ్చెళ్ళు తను వదిలిపోయిన చీరవే. అది చూశాక రాఘవమ్మకు అన్నం సయించలేదు.

"వాడు నిన్నెరగడు" అని పొద్దున్నే తేల్చేసింది శ్రీశైలమ్మ. "రాత్రుళ్ళు మేలుకున్నింది నేను. మేకపాలు కాచి పట్టింది నేను. పుండు మనిషివి, పోయి పండుకో." పిల్లలు లేని ఆమె, వాణ్ణి ఇచ్చేది లేదని తెగేసి చెప్పింది. అక్కణ్ణుంచి ఇద్దరూ నోటికొచ్చినట్టు తిట్టుకున్నారు. గొడవ వీధికెక్కింది.

చేరినవాళ్ళు తలా ఒక తీర్పు చెప్పారు. పాలు పట్టిన చెయ్యే తల్లి అంది పక్కింటి కొండమ్మ. కాదు, పక్కలో పడుకోబెట్టుకున్నదే తల్లి అంది ఇంకొకామె. ఎన్నాళ్ళయినా రక్తం రక్తాన్నే వెతుక్కుంటుందన్నాడు గురుస్వామి. రాఘవమ్మ మొగుడు మాత్రం, ఈ గొడవ ఎవరిదో అయినట్టు దొడ్లో కూర్చుని, చచ్చిన గొర్రెపిల్ల తోలును తల్లిలేని మరో పిల్లకు తొడిగి దారంతో కడుతున్నాడు. ఆ తోలుంటే, పిల్ల చచ్చిన గొర్రె దీన్ని తన పిల్లే అనుకుని పాలిస్తుంది. పెళ్ళాం ఏడుస్తున్నా ఆయన చేతిలో పని ఆగలేదు.

చివరికి మామ పోలయ్య అరుగు దిగాడు. గొర్రెపిల్ల ఎవరి మందదో తేలకపోతే, గొర్రెలు కాసే వాళ్ళలో ఒకటే పద్ధతి. దాన్ని మధ్యలో వదిలేస్తారు. ఏ గొర్రె కిందికి దూరితే ఆ మందదే.

"ఇద్దరూ వీపులు తిప్పి కూకోండి. పిలిచేది లేదు, చెయ్యి చాపేది లేదు. వాడు ఎవర్ని పట్టుకుంటే వాళ్ళ బిడ్డ. మళ్ళా ఈ మాట నా ఇంట్లో ఎత్తగూడదు" అన్నాడాయన.

శ్రీశైలమ్మ అప్పుడే గెలిచినట్టు నవ్వింది. ఓడిపోతానని రాఘవమ్మకూ తెలుసు. కొడుకు ఎటూ పోతాడు, తన చీర కట్టుకుని మరీ ఆమె వాణ్ణి ఎత్తుకుపోతుంటే మాత్రం చూడలేననుకుంది.

"నా చీర నాకిచ్చినాకనే కూకుంటా" అంది.

శ్రీశైలమ్మ నవ్వు ఆగిపోయింది. "పెట్టెలో ఏది కావాలన్నా తీస్కో. పట్టుదైనా సరే. ఇది రేపిస్తాలే" అంది, గొంతు తగ్గించి.

"పెట్టె నిండా చీరలు పెట్టుకోని, నా పాతగుడ్డ మీద నీకేంది అంత ఆశ? నా బిడ్డ చాలలేదా?"

ఎవరిది వాళ్ళకిచ్చెయ్యమని పోలయ్య పెద్దకోడల్ని కసిరాడు. ఆమె లోపలికి పోయి చాలాసేపటికి వచ్చింది. మడత నలగని కొత్త చీర కట్టుకుని, పాతదాన్ని రాఘవమ్మ ముఖాన విసిరికొట్టింది. మళ్ళీ ఎక్కడ లాక్కుంటుందోనని రాఘవమ్మ దాన్ని తన చీరమీదే ఒంటికి చుట్టేసుకుంది.

ఇద్దరూ వీపులు తిప్పి కూర్చున్నారు. పోలయ్య పిల్లవాణ్ణి నడివాకిట్లో దించాడు.

వాడి కాలి గజ్జెలు కదిలాయి. చప్పుడు శ్రీశైలమ్మ వైపే పోతోంది. రాఘవమ్మ పళ్ళు బిగబట్టి కళ్ళు మూసుకుంది. గజ్జెలు ఆగాయి. వాడు ఏడుపు మొదలుపెట్టాడు. మళ్ళీ గజ్జెలు, ఈసారి గబగబా.

ఆమె వీపుమీద బరువు పడింది. రెండు చిన్న పిడికిళ్ళు కొంగు పట్టుకున్నాయి. వాడు చీరలో ముఖం దూర్చి, ఏడుపు ఆపేశాడు.

రక్తం పిలిచిందా లేదా అని గురుస్వామి అందరికీ వినబడేలా అన్నాడు. కొండమ్మ కళ్ళు తుడుచుకుంది. రాఘవమ్మ కొడుకును ఒళ్ళోకి లాక్కుంది. పుండు సలుపుతున్నా లెక్కచేయలేదు. ఏడాది కసి అంతా నోట్లోకి వచ్చింది.

"చూసినావా అక్కా? మేకపాలు పోసినంత మాత్రాన తల్లివైతావా? చీర దొంగిలించినట్టు బిడ్డను దొంగిలించొచ్చు అనుకున్నావు. కన్నదాన్ని నేను."

శ్రీశైలమ్మ శాపనార్థాలు పెడుతుందని అందరూ ఎదురుచూశారు. ఆమె లోపలికి పోయి, కాచిన మేకపాల గ్లాసు తెచ్చి రాఘవమ్మ ముందు ఠపీమని పెట్టింది. పిల్లవాడి వైపు చూడలేదు.

"ఆ చీర ఉతకబాక. నేనది కట్టుకునేదాకా నా దగ్గరికి గూడా రాలేదు వాడు."