పదికి ఒకటి ఎక్కువ

ఉడుత దగ్గర సరిగ్గా పదకొండు పల్లీలున్నాయి. జొన్నకంకి దొంగిలించిందని కాకి అడవి కోర్టులో కేసు వేసింది. ఓడిపోతే ఉడుత తన తొర్ర ఖాళీ చేయాలి.

"పది పల్లీలు దాటితే ఉచిత వకీలును ఇవ్వం," అంది జడ్జి ఎలుగుబంటి.

"సొంతంగా పెట్టుకుంటే ఫీజు యాభై కదయ్యా!"

"రూలు రూలే."

ఉడుత అక్కడే ఒక పల్లీ నమిలి మింగింది. "ఇప్పుడు పదే."

ఎలుగు చిరాగ్గా నక్కను వకీలుగా వేసింది. నక్క కాగితాల్లోంచి తలెత్తకుండానే, "నేరం ఒప్పేసుకో నాయనా. రెండు గంటల్లో నలభై కేసులు తెమల్చాలి," అంది.

ఉడుతకు ఒళ్లు మండిపోయింది. "అంటే ఒక్కో బతుక్కి మూడు నిమిషాలా? ఆ రోజు నేనెక్కడున్నానో కూడా అడగవా?"

"అడిగితే ఆలస్యమవుతుంది."

"అయితే కాకిని నేనే అడుగుతా," అంటూ ఉడుత తోక విదిలించి, కాకి నిలబడ్డ బోను వైపు కదిలింది.