తొక్కు, పట్టు, వదులు

“అక్కా, ఏ నంబరు తెచ్చాడో అడుగు,” అన్నాడు మేష్టరు. జవాబు చెప్పవలసిన బావ మూడడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాడు.

“అయిదో నంబరట. అన్నిటికంటే పెద్దదట,” అంది అక్క, బ్రేక్ ఆయిల్ డబ్బా ఎత్తి చూపిస్తూ.

“ఇవి పరీక్ష మార్కులు కావని చెప్పు. అది సిలికాన్ రకం, పాత బండికి పనికిరాదు. బండిలో ఆయిల్ పోసే చోట మూత మీద ఏముందో చూడమను.”

బావ బానెట్ కింద తల దూర్చాడు. “మూడు గానీ నాలుగు గానీ పొయ్యమని ఉంది,” అని బానెట్‌కే చెప్పినట్టు గొణిగాడు.

“అయితే నాలుగోది, సీలు తీయనిది కావాలి. డబ్బా మూత తీసి ఉంచితే ఆయిల్ గాల్లో తేమ పీల్చేస్తుంది. బ్రేకు వేడెక్కినప్పుడు ఆ నీరు ఆవిరవుతుంది. అప్పుడు పెడల్ తొక్కితే దూదిపరుపు మీద కాలేసినట్టే.”

“ఇంత పాఠం నేను మొయ్యలేను బాబూ. మీరూ మీరూ తేల్చుకోండి, నా పాలు పొంగుతున్నాయి,” అని అక్క లోపలికి వెళ్ళిపోయింది.

రెండేళ్ళ క్రితం తండ్రి కారు అక్క వాటాకి వచ్చిన రోజున, “బావ చేతిలో పడిందిగా, ఇక తుక్కుకే,” అన్నాడు మేష్టరు. “ఒక్క నట్టు అమ్మినా మీసం తీయించుకుంటా,” అన్నాడు బావ. ఆ రోజుతో మాటలు బందు. నిన్న అక్క ఫోన్ చేసి, బ్రేక్ ఆయిల్ మార్చడానికి ఇద్దరు మనుషులు కావాలనీ, తన మోకాళ్ళు పెడల్ తొక్కనివ్వవనీ చెప్పింది. అంతకు మించి ఏమీ అడగలేదు. ఇవాళ కూడా పలకరింపు కుదరకపోతే ఇక మధ్యవర్తిత్వం మానేస్తానని మాత్రం హెచ్చరించింది.

నాలుగో నంబరు డబ్బా కోసం బావ బజారుకు పోలేదు. సంచిలోంచే తీశాడు. కారణం లేని కార్యం ఉండదని ముప్ఫై ఏళ్ళు పిల్లలకు బోధించిన మేష్టరు, తప్పు డబ్బా ముందు చూపించింది తన నోరు తెరిపించడానికేనని గమనించి ఊరుకున్నాడు.

“బండి ముక్కు పైకెత్తి చూస్తోందేం?” అన్నాడు గాలితో.

“స్ప్రింగులు కొత్తవి,” అన్నాడు బావ, ఆ గాలికే. “సీట్లో కూర్చున్నవాళ్ళు అక్కణ్ణించి కదలకూడదు. తాళం తిప్పకూడదు.”

మేష్టరు స్టీరింగు ముందు కూర్చున్నాడు; ఎత్తిన బానెట్ అద్దానికి తెరలా అడ్డం నిలిచింది. బావ వెనక చక్రం దగ్గర చతికిలబడి, పాత ఆయిల్ బయటికి వదిలే నిపిల్‌కి గొట్టం తగిలించి, రెండో కొస సీసాలో పెట్టాడు.

“తొక్కు.”

“తొక్కాను.”

“పట్టు. వదలకు, వదలకు... ఆ, వదులు.”

“నిపిల్ బిగించావా?”

“బిగించకుండా వదలమంటానా? నేనేం నీ క్లాసు పిల్లాణ్ణా?”

“వాళ్ళయితే చెప్పినట్టు వింటారు, బావా!”

చక్రం వెనకనించి దగ్గులాంటి నవ్వు వినిపించింది.

నాలుగు చక్రాలూ పూర్తయ్యేసరికి సీసాలో పడే ఆయిల్‌కి కాఫీ రంగు పోయి తేనె రంగు వచ్చింది. పెడల్ కాలికింద గట్టిగా నిలిచింది.

“మీసమేమైంది బావా?” అన్నాడు మేష్టరు, టీ కప్పు అందుకుంటూ.

“తెల్లబడిపోయిందని తీసేశా.”

“సరే, ఓ చుట్టు తిరిగొద్దామా?”

బావకి పొలమారింది. అక్క గబగబా వీపు నిమిరింది. “ఇవాళ వద్దురా. పై ఆదివారం క్లచ్చు కూడా చూసుకుని...”

“అలాగే. పై ఆదివారం వ్యాన్ మాట్లాడుకుని వస్తాను.”

“ఒక్కడివి రావడానికి వ్యానెందుకురా?”

“సామానుందిలే.”

ఇంటికి చేరగానే మేష్టరు నేరుగా షెడ్డులోకి వెళ్ళాడు.

“తుక్కు కొట్లోంచి తెచ్చి ఏడాదైంది, కాలు పెట్టే చోటు లేదు,” అంది భార్య గుమ్మంలోంచి. “మీ బావకి చెప్పారా లేదా?”

“పై ఆదివారం చెబుతా. ఈలోగా కాస్త మీసం పెరగనీ,” అంటూ టార్పాలిన్ పైకెత్తాడు.

కింద తండ్రి కారు ఇంజను ఉంది.