ట్యూబు తప్ప

టోకెన్ మీద తన పేరు కాక ఆడపడుచు పేరు రాయించింది. మాస్కు కళ్ళ కిందిదాకా లాక్కుని, మామోగ్రామ్ గది బయట బెంచీ చివర ఒదిగి కూర్చుంది. నర్సు ఎవరైనా అటుగా వస్తే చాలు, తల వంచుకుని చేతిసంచిలో ఏదో వెతుకుతున్నట్టు నటిస్తోంది. వెతికినప్పుడల్లా సంచిలో తాళాలు గలగలమంటున్నాయి.

ఎడమ రొమ్ములో గడ్డ. స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. ఇంట్లో చెప్పలేదు. ఆఫీసుకి జ్వరమని చెప్పి సెలవు పెట్టింది.

"మొదటిసారా అమ్మాయ్?" పక్కనున్న పెద్దావిడ అడిగింది. మంచినీళ్ళ సీసా, విసనకర్ర, దుప్పటి అన్నీ సర్దుకుని వచ్చిన మనిషి.

తలూపింది.

"సిగ్గుపడకు. నేనూ మొదటిసారి గోడకేసి తిరిగి కూర్చున్నా. లోపల ఆ రెండు పలకల మధ్య పెట్టి నొక్కేసరికి, సిగ్గేంటి, మా ఆయన పేరే మర్చిపోయా."

అవతల కూర్చున్న, కుట్టు మిషను మీద బట్టలు కుట్టే ఆవిడ ఫక్కున నవ్వి, వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడ దారం కొనుక్కొస్తానని ఇంట్లో చెప్పి వచ్చిందట.

"ఇది మూడోసారి దారం కొనడం," అంది. "రెండుసార్లు గేటు దాకా వచ్చి వెనక్కెళ్ళిపోయా. ఇన్ని రీళ్ళు ఏం చేస్తున్నావే అంటాడు మా ఆయన."

గది తలుపు తెరుచుకుంది. టెక్నీషియన్ పిల్ల బయటికొచ్చి నిలబడింది. చెప్పడానికి ఇబ్బంది పడుతున్నట్టుంది.

"ఏమనుకోకండమ్మా. మిషను ఆగిపోయింది. ట్యూబు పోయింది."

"ట్యూబేగా! మార్చెయ్యండి," అంది పెద్దావిడ.

"ఇంట్లో ట్యూబులైటు లాంటిది కాదండీ. ఎక్స్‌రే వచ్చేదే అందులోంచి. అది పోతే మిగతాదంతా ఇనప బీరువాతో సమానం."

"సర్వీసు కాంట్రాక్టు లేదా? మా ఫ్రిజ్జుకే ఉందే!"

"ఉందండీ. కంపెనీ మనిషి వస్తాడు. విప్పుతాడు, తుడుస్తాడు, బిగిస్తాడు. చిన్నాచితకా సామాన్లు వేస్తాడు. ట్యూబు మాత్రం అందులోకి రాదు. ఆస్పత్రే కొనుక్కోవాలి. దానికి అనుమతులు కావాలి, టెండర్లు పిలవాలి. నెలలు పడుతుంది."

"అంటే వంటమనిషిని పెట్టుకున్నారు, బియ్యం మాత్రం తెప్పించలేదన్నమాట."

టెక్నీషియన్‌కి నవ్వాలో వద్దో తెలియలేదు. "సీటీ స్కానుకి ట్యూబుతో సహా అన్నీ కలిపి రాసుకున్నారండీ. దీనికే తగ్గించారు. వచ్చేవాళ్ళు తక్కువని."

"సిగ్గేసి రాలేకపోతే," అంది మిషను కుట్టే ఆవిడ నెమ్మదిగా, "అవసరం లేదనుకున్నారా?"

బెంచీ చివర కూర్చున్నామె టోకెన్‌ని వేళ్ళ మధ్య మడతలు పెడుతోంది. మాస్కు లోపల ఊపిరి వేడిగా తగులుతోంది. చెవుల దాకా కాలిపోతున్నట్టుంది.

"ఇంతకీ ఆ కాంట్రాక్టు మీద సంతకం పెట్టిన మహానుభావుడెవరు?" పెద్దావిడ లేచి నిలబడింది.

"కాంట్రాక్టులు చూసే ఆఫీసరండీ. పై అంతస్తు. నేను కొత్త, ఎప్పుడూ చూడలేదు."

"చూడక్కర్లేదులే, మగాడే అయ్యుంటాడు. ఆడదయితే ఇలా రాస్తుందా? పదండి, అడిగేద్దాం."

"ఇవాళ... ఉండకపోవచ్చండీ," అంది బెంచీ చివరామె చిన్నగా.

"ఎందుకుండడు? ఉంటాడు. లే నువ్వూ. చదువుకున్నదానిలా ఉన్నావు, నువ్వే మాట్లాడు. నేను మాట్లాడానంటే అడగాల్సింది వదిలేసి తిట్టడం మొదలెడతా."

రెక్క పట్టుకుని లేపింది. విడిపించుకోవడం ఆమెకు చేతకాలేదు.

పెద్దావిడ వెనకే మెట్లెక్కింది. మలుపులో ఎడమ చేతివైపు వరండా ఉంది. అటు తిరిగితే వెనకగేటు. ఫోనొచ్చిందని చెప్పి జారుకుంటే ఎవరు ఆపుతారు? ఒక అడుగు అటు పడింది కూడా.

అప్పుడే మిషను కుట్టే ఆవిడ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. సూదిపోట్లతో గరుకెక్కిన వేళ్ళు.

"నువ్వున్నావని వస్తున్నానక్కా. లేకపోతే ఈసారీ వెళ్ళిపోయేదాన్ని."

ముగ్గురూ పైకి చేరారు. 'కాంట్రాక్టుల అధికారి' అని బోర్డున్న గది వరండా చివర ఉంది. తలుపుకి తాళం.

పెద్దావిడ తాళాన్ని పట్టుకుని గట్టిగా ఊపింది. "చూశావా! మనం వస్తామని కలొచ్చినట్టుంది మహానుభావుడికి. ఎక్కడ కూర్చుని టీ తాగుతున్నాడో!"

"పోనీలెండి," అంది మిషను కుట్టే ఆవిడ. గొంతులో బాధ కంటే, తప్పించుకున్న తేలిక ఎక్కువుంది. "పోయి దారం కొనుక్కుంటాను. మళ్ళీ ఎప్పుడైనా చూద్దాం."

కొంగు సర్దుకుని మెట్లవైపు తిరిగింది. పెద్దావిడ కూడా గొణుక్కుంటూ వెనకే నడిచింది.

"ఆగండి," అందామె.

ఇద్దరూ వెనక్కి చూశారు.

ఆమె మాస్కు కిందికి లాగి, చేతిసంచిలోంచి తాళాల గుత్తి తీసి, ఆ గది తలుపు తెరిచింది.