పై అరలో పూల గౌను

బెనెడిక్టైన్ క్రైస్తవ సన్యాసినుల మఠంలో చేరే అమ్మాయిలు వచ్చిన రోజు వేసుకున్న బట్టలను మూటగట్టి దాస్తారు. మనసు మారితే అవి తొడుక్కుని వెళ్లిపోవచ్చు.

కొత్తగా చేరిన అమ్మాయి పొద్దున్నే బట్టల గదికి వచ్చింది.

"నా మూట ఇచ్చేయండి సిస్టర్. వెళ్లిపోతాను."

ఆ గది చూసుకునే ముసలి సిస్టర్ కళ్లజోడు సర్దుకుంది. "ఏం తల్లీ, తిండి పడలేదా?"

అమ్మాయి కళ్లు దించుకుంది. "అది కాదండీ. కీర్తనలు పాడేటప్పుడు నా పక్కనున్నవాళ్లు ఒకటే సాగదీస్తారు. దేవుడి మీద మనసే నిలవడం లేదు. నన్ను దేవుడు పిలవలేదేమో."

"ఇస్తాలే. ముందు ఈ నా మూట బీరువా పై అరలో పెట్టు."

మూటలోంచి పూల గౌను తొంగిచూసింది. రంగు వెలిసిపోయింది కానీ, ఇస్త్రీ మాత్రం కొత్తది.

"దీనికిప్పుడు ఇస్త్రీ ఎందుకండీ?"

"నిన్న తొడుక్కుని గేటు దాకా వెళ్లాను. నా పక్కన పాడే పిల్ల ఒకటే పరుగు! ఇక నా వల్ల కాదనుకున్నా."

అమ్మాయి నాలుక కరుచుకుంది. "మరి వెనక్కి వచ్చేశారే?"

"ప్రార్థన గంట మోగింది. కాళ్లు వాటంతటవే ఇటు తిరిగాయి."

అమ్మాయి ఆ మూటను తన మూట పక్కనే పెట్టి, బీరువా తలుపు మూసేసింది.

ఆ సాయంత్రం కీర్తనలో అమ్మాయి సాగదీసింది. ముసలి సిస్టర్ పరుగులు పెట్టింది.